యాంటెన్నాకి దిష్టి తగిలిన సాయంత్రం

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి. మా వైపు మిరపకాయల బస్తాల మీద నాలుగు చెంబుల నీళ్ళు చల్లి తూకానికి పంపే ఘనులు కొందరుంటారు. నాకు మిరప తోట లేదు కాబట్టి ఆ నీళ్ళు నేను మాటల మీద చల్లుతుంటాను. గుంటూరు యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని, గలగలమంటున్నాయో లేదో విని, తేమ కింద ఇంత అని తరుగు తీసేస్తాడు. మీరూ అలాగే తరుగు తీసుకుంటూ చదవండి. ఊరు ఊరంతా వచ్చిందని నేనంటే ముప్ఫై మంది వచ్చారని రాసుకోండి. మూడు రోజులంటే ఒక పూట. నాకేమీ కోపం రాదు, ఇంట్లో అలవాటే.

పోయిన నెల మా టీవీలో బొమ్మ ఆగిపోతే డిష్ బాగుచేసే అతను వచ్చాడు. మిద్దె ఎక్కి చూస్తే మా డిష్ పక్కనే, ఈ ఇల్లు మాకు అమ్మినవాళ్ళు వదిలేసిన పాత యాంటెన్నా ఒకటుంది. తుప్పు పట్టి, రెండు చువ్వలు ఊడి, ముసలి కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఈ చువ్వలు పీకి పాత సామాన్లవాడికి వేసెయ్యండి సార్. ఊరికే అడ్డం" అన్నాడతను.

"పీకొద్దు. దాన్ని కూడా టీవీకి కలుపు."

"ఏంటీ, యాంటెన్నానా? దాంట్లో ఏమీ రాదు సార్. గాల్లో వదలడం ఎప్పుడో ఆపేశారు."

"రాదని నాకూ తెలుసు. డిష్ ఉండనీ, పక్కన ఇదీ ఉండనీ. రెండూ కలుపు."

అతను మెట్ల దగ్గర నిలబడ్డ మా ఆవిడ వైపు చూశాడు. ఈయనింతే, కలిపేసి పో నాయనా అన్నట్టు ఆవిడ చెయ్యి ఊపింది. అతను సంచిలోంచి అగ్గిపెట్టెలో సగమంత వెండిరంగు డబ్బా ఒకటి తీసి, ఇటు రెండు వైర్లు, అటు ఒక వైరు బిగించాడు.

"ఇంతే సార్. రెండూ ఒకే తీగలో వచ్చేస్తాయి."

రెండు నిమిషాలు పట్టలేదు. ఆ "ఇంతే" అన్న మాటకి నేను పిట్టగోడ మీద కూలబడ్డాను. ఆ "ఇంతే" కోసం ఒక మనిషి నా చిన్నప్పుడు మా నాన్న ఇంటి హాల్లో ఊరందరి ముందూ చెమటలు కక్కడం నేను చూశాను. చూడ్డమేమిటి, కక్కించిందే నేను.

మాది నల్లరేగడి ఊరు. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో మేము. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో ఊరంతా తుమ్మేది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తుమ్మేవాడు, అమ్మాయి తుమ్మేది, మధ్యవర్తి తుమ్మేవాడు. ఆ నాలుగు నెలలూ తుమ్ముల్ని శకునం కింద లెక్కెయ్యకూడదని మావాళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు, లేకపోతే ఊళ్ళో ఒక్క పెళ్ళీ జరగదు. మా నాన్న తుమ్మితే మిద్దె మీద యాంటెన్నా ఒక అంగుళం తిరిగేదని బళ్ళో చెప్పేవాణ్ణి. అది నాన్న తుమ్ము కాదు, కాకులు. కాకి వచ్చి చువ్వ మీద వాలిందంటే వార్తలు చదివే ఆవిడకి రెండు ముక్కులు వచ్చేవి. ఇంకో కాకి వాలిందంటే ఆవిడ మొత్తానికే మాయమై, తెర నిండా చీమలు పాకేవి.

ఆ చీమల్ని తరిమే ఉద్యోగం నాది. నేను మిద్దె మీద, అమ్మ మెట్ల దగ్గర, నాన్న టీవీ ముందు. నాన్న చూసి అమ్మకి చెప్పాలి, అమ్మ నాకు కేకెయ్యాలి.

"వచ్చిందా?"

"రాలా!"

"ఇప్పుడూ?"

"వచ్చె... వచ్చె... ఉండు, ఉండు... పోయె! ఎక్కువ తిప్పావురా సచ్చినోడా!"

నా అంత సున్నితంగా యాంటెన్నా తిప్పేవాడు కృష్ణకీ పెన్నకీ మధ్య లేడని నా నమ్మకం. మా ఇంట్లోనే కాదు, నన్ను పది ఇళ్ళవాళ్ళు పిలిచేవాళ్ళు. బడి పక్కింట్లో తిప్పితే చేగోడీలు. నూనె గానుగ వాళ్ళింట్లో తిప్పితే ఇంకా వెచ్చగా ఉన్న నువ్వుండ. పిండి మిల్లు అత్తయ్యగారింట్లో తిప్పితే సజ్జ బూరెలు, పైగా "మావాడి చేతిలో ఏదో ఉందర్రా" అన్న పొగడ్త. గాలి గట్టిగా వీచిన రోజు నేను ఇంట్లో అన్నం తినేవాణ్ణి కాదు, చోటుండేది కాదు. నిజం చెప్పాలంటే, గాలి లేని రోజు కూడా ఒకటి రెండు ఇళ్ళ యాంటెన్నాలు వాటంతట అవే తిరిగేవి. ఎలా తిరిగేవో నన్నడక్కండి.

అలాంటి మంచి రోజుల్లో మా ఇంటికి డిష్ వచ్చింది.

ఆ ఏడు మిరప బాగా పలికింది. నాన్న ఎవరికీ చెప్పకుండా పట్నం వెళ్ళి, ఆరడుగుల జల్లెడ డిష్ ఒకటి ట్రాక్టరు మీద వేసుకుని, దాని పక్కన పెళ్ళికొడుకులా కూచుని ఊళ్ళోకి దిగాడు. నాయనమ్మ అరుగు మీద కూచుని ముక్కుపొడి పీలుస్తోంది. ఆవిడకి ఒక చెవి బొత్తిగా వినపడదు, రెండో చెవి తనకి కావలసినంత మటుకే వినపడుతుంది.

"ఏందిరా అది?"

"డిష్షమ్మా!" అన్నాడు నాన్న.

"దిష్టా?" నాయనమ్మ పొడి పీల్చడం ఆపేసింది. "దిష్టి తీసేవాళ్ళని చూశా గానీ, డబ్బులు పోసి కొనుక్కొచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. అదీ ఇంత పెద్ద దిష్టి!"

అది మిద్దె మీద బిగించేలోపల ఆవిడ దాని చేతికి ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దండగుచ్చి కట్టేసింది. బిగించడానికి వచ్చిన డిష్ వ్యాపారి సఫారీ సూటు మనిషి. దారి దుమ్ముకి ఆ సూటు ఏ రంగో తెలిసేది కాదు. అతను నిమ్మకాయని చూసి, నాయనమ్మని చూసి, దాన్ని తప్పించుకుంటూ బోల్టులు బిగించాడు. ఆ తర్వాత హాల్లోకి వచ్చి, టీవీ వెనక ఉన్న ఒకే ఒక్క కన్నంలోంచి యాంటెన్నా తీగ లాగి, చచ్చిన పాముని పారేసినట్టు మూలకి పారేశాడు.

"మరి నా వార్తలో?" అంది నాయనమ్మ.

"అయ్యింక రావమ్మా. కన్నం ఒకటే. ఇక్కడ డిష్షన్నా ఉండాలి, యాంటెన్నా అన్నా ఉండాలి. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు అత్తగార్ల బాపతు."

నాయనమ్మకి సాయంత్రం తెలుగు వార్తలు లేకపోతే పొద్దు గుంకదు. వార్తలకి ముందు రైతుల కార్యక్రమం వచ్చేది. అందులో ఆఫీసరు పత్తికి ఏ మందు ఎంత కలపాలో చెప్తుంటే ఈవిడ ఇక్కణ్ణుంచి గదమాయించేది: "ఏవయ్యా, ఎంతన్నావ్, మళ్ళీ చెప్పు. పలకవేం? అంత పొగరా?" చివర్లో వాన కబురు. కల్లంలో కాయలున్నన్నాళ్ళూ ఆ వాన కబురే మాకు పంచాంగం. డిష్‌లో ప్రపంచంలో ఉన్న ఆటలూ పాటలూ అన్నీ వచ్చేవి గానీ మా కల్లం మీద వాన పడుతుందో లేదో చెప్పేవాడు లేడు. నాయనమ్మ మూడు రోజులు నిరాహారదీక్ష చేసింది. తరుగు తీస్తే, ఒక మధ్యాహ్నం మజ్జిగన్నం మానేసింది.

నాన్న రేడియో సాయిబుకి కబురు పెట్టాడు.

ఊరందరికీ ఆయన రేడియో సాయిబు. నాకు మామ. నన్ను "అల్లుడూ" అని పిలిచేవాడు. సైకిల్ హ్యాండిల్‌కి కాన్వాసు సంచి తగిలించుకుని, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి రేడియోలూ టేపురికార్డర్లూ టీవీలూ బాగుచేసేవాడు. సన్నగా, పొడుగ్గా, ఆయనే ఒక యాంటెన్నాలా ఉండేవాడు. అప్పటికే మోకాళ్ళు పట్టేసి, సైకిల్ దిగాక కాసేపు గోడ పట్టుకుని నిలబడేవాడు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక చిన్న చెక్క బంకు పెట్టుకుని, జనమే తన దగ్గరికి వచ్చేలా కూచోవాలని ఆయన కోరిక. కూడలిలో స్థలం చూసుకున్నాడని, బంకుకి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాడని అందరికీ తెలుసు. ఆకుపచ్చ.

ఆయన డిష్ చూశాడు. యాంటెన్నా చూశాడు. టీవీ వెనక్కి తల దూర్చి, చాలాసేపటికి బయటికి తీశాడు.

"రెండూ వస్తాయి పెద్దమ్మా. ఒకే తీగలో వస్తాయి. ఏదన్నా చిన్న రేకు డబ్బా ఉంటే ఇప్పించండి."

నాయనమ్మ తన ముక్కుపొడి డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. చరిత్రలో ఆవిడ ముక్కుపొడిని త్యాగం చెయ్యడం అదొక్కసారే. ఆయన ఆ డబ్బాకి మూడు కన్నాలు పొడిచాడు. వసారాలో చాప వేసుకుని, బొగ్గుల మీద కడ్డీ కాల్చి, గుగ్గిలం అద్ది, సీసంతో మాట్లు వెయ్యడం మొదలెట్టాడు. గుగ్గిలం పొగ ఇల్లంతా కమ్ముకుంది. వంటింట్లోంచి నాయనమ్మ రెండు చేతులూ జోడించుకుని వచ్చింది.

"సాంబ్రాణి వేశావా నాయనా? మంచిపని చేశావు. దిష్టి పోద్ది."

ఆయన నవ్వి, నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. తీగ చివర చెక్కి చూపించాడు. "ఇటు చూడు అల్లుడూ. లోపల రాగి తీగ. పైన ఈ వల. మధ్యలో ఈ తెల్లది రెండిటినీ విడదీసి ఉంచుద్ది. ఈ రెండూ ముట్టుకున్నాయా, బొమ్మ చచ్చిందన్నమాటే. గుండుసూది గుచ్చినా చాలు."

నాకెవరూ అంత శ్రద్ధగా ఏదీ చెప్పలేదు అప్పటిదాకా. ఆ మాట బాగా గుర్తుపెట్టుకున్నాను.

సాయంత్రానికి పని అయింది. మూడో నంబరు నొక్కితే డిష్. ఐదో నంబరు నొక్కితే యాంటెన్నా. తీగ మార్చక్కర్లేదు, కన్నంలో వేలు పెట్టక్కర్లేదు. నాయనమ్మ ఐదు నొక్కించుకుని, వాన కబురు విని, మూడు నొక్కించుకుని, ఎవరో తెల్లవాళ్ళు మంచు మీద జారుతుంటే చూసి, మళ్ళీ ఐదు నొక్కించుకుంది. ఆ రోజు మా ఇంట్లో టీవీ బటన్లు రెండు అరిగిపోయాయి.

మామ అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన మిద్దె ఎక్కి, యాంటెన్నా గొట్టానికి ఇనప పట్టీ వేసి, రెండు బోల్టులు బిగించాడు. పైనుంచే కేకేసి చెప్పాడు: "ఇక తుఫానొచ్చినా తిరగదండీ! అల్లుడు మిద్దె ఎక్కే పన్లేదు, కూచుని చదువుకుంటాడు!"

కింద ఉన్నవాళ్ళంతా నవ్వారు. చూడ్డానికి వచ్చిన పిండి మిల్లు అత్తయ్య అందరికంటే గట్టిగా నవ్వింది. "మాకూ అట్టాగే బిగించు సాయిబూ. ఏరా, ఇంక నీ సజ్జ బూరెలు బందురోయ్!"

ఆవిడ ఆట పట్టించింది, అంతే. కానీ నాకు చెవులు కాలిపోయాయి. కృష్ణకీ పెన్నకీ మధ్య నాకున్న పేరంతా రెండు బోల్టులతో పోయింది.

ఆ ఏడు మా ఊళ్ళో ఇంకా తొమ్మిది ఇళ్ళవాళ్ళు డిష్ పెట్టించారు. తొమ్మిది ఇళ్ళలోనూ ముసలివాళ్ళు వార్తల కోసం అలిగారు. అందరి చూపూ మా ఇంటి మీదే. కానీ డిష్ వ్యాపారి ఊరుకోలేదు. ఆ పొడి డబ్బా పెడితే డిష్ మిషను కాలిపోతుందని, కాలితే తనకి సంబంధం లేదని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. చివరికి నాన్న అతని ముందే అందరితో అన్నాడు: "ఆదివారం సాయంత్రం వార్తల టైముకి అందరూ మా ఇంటికి రండి. నువ్వూ రావయ్యా. రెండు బొమ్మలూ వస్తే అందరూ డబ్బా పెట్టించుకుందాం, రాకపోతే లేదు."

మామ వెళ్తూ నాన్నతో అన్న మాట నేను విన్నాను. "ఆదివారం మీ ఇంట్లో బొమ్మ నిలబడితే నేను కూడలిలో బంకు పెట్టినట్టే అన్నగారూ."

ఆదివారం మధ్యాహ్నం గోంగూర పచ్చడితో అన్నం తిని అందరూ పడుకున్నారు. నేను నాన్న చీటీల కట్టలోంచి గుండుసూది ఒకటి లాగాను. మిద్దె ఎక్కాను. కాళ్ళు కాలుతున్నాయి. గొట్టం మొదట్లో తీగ పిట్టగోడ దాటే చోట సూది గుచ్చి, రాయితో మెల్లిగా దిగ్గొట్టి, గుండు విరిచేశాను. పైకి ఏమీ కనపడలేదు. ఎంత నీటుగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను కూడా. నా ఆలోచనల్లా ఒకటే: బొమ్మ రాదు, అందరూ కంగారు పడతారు, "వాణ్ణి పిలవండ్రా" అంటారు, నేను పైకెక్కి బోల్టులు విప్పి, సూది పీకి, యాంటెన్నా ఇలా తిప్పుతాను, వస్తుంది. అత్తయ్య మళ్ళీ "వాడి చేతిలో ఏదో ఉంది" అంటుంది. బంకు సంగతి నా బుర్రలో లేదు. అసలు లేదు.

సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది. తరుగు మీరే తీసుకోండి. ముసలివాళ్ళు చాపల మీద, మగవాళ్ళు గుమ్మాల్లో, పిల్లలు కిటికీ చువ్వల మీద. డిష్ వ్యాపారికి నాన్న కుర్చీ వేశాడు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు. ఆ పెన్ను తొమ్మిది ఇళ్ళ పేర్లు రాసుకోవడానికి.

మూడు నొక్కారు. పాట వచ్చింది. "ఓహో" అన్నారు.

ఐదు నొక్కారు. చీమలు.

"టైము కాలేదేమో" అన్నారెవరో. గడియారం చూశారు, అయింది. మామ డబ్బా తిప్పాడు, తట్టాడు. చీమలు. మూత తీసి, మళ్ళీ బొగ్గులు రాజేయించి, మాట్లన్నీ మొదటి నుంచీ వేశాడు. చీమలు. డబ్బా పక్కన పెట్టి తీగని నేరుగా టీవీకి పెట్టాడు. చీమలే.

"చెప్పానా! ఆ డబ్బా మొత్తం లాగేసింది" అన్నాడు వ్యాపారి కుర్చీలో వెనక్కి వాలుతూ. "ముక్కుపొడి డబ్బాలో టీవీ వస్తే రేపు చుట్టల పెట్టెలో సినిమా కూడా ఆడిస్తాడు."

జనం నవ్వారు. మామ నవ్వలేదు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "పైన చూసొస్తా" అని మెట్లెక్కాడు. ఎవరూ నన్ను పిలవలేదు. నేనే వెనకాల వెళ్ళాను.

ఆయన తీగని బొటనవేలితో తడుముకుంటూ పైనుంచి కిందకి వచ్చాడు. పిట్టగోడ దగ్గర వేలు ఆగింది. వంగి చూశాడు. పళ్ళతో పట్టి సూది లాగాడు. అరచేతిలో పెట్టుకుని దాన్ని చూసి, నన్ను చూశాడు. ఆయన ఆ సూదిని నా చొక్కా జేబులో వేసి, బుగ్గ మీద తట్టి, "మళ్ళీ తిప్పాల్సి వస్తే నిన్నే పిలుస్తాలే అల్లుడూ" అన్నాడు. కిందికి దిగి, "ఏం లేదండీ, తీగలో చిన్న ముల్లు ఇరుక్కుంది" అన్నాడు. ఐదు నొక్కారు. వార్తలు చదివే ఆవిడ అద్దంలో మనిషిలా వచ్చి నిలబడింది. నాయనమ్మ ఆవిడకి దండం పెట్టింది. వ్యాపారి కుర్చీ ఖాళీ చేశాడు. మామ జేబులోంచి పెన్ను తీశాడు. నెల తిరక్కుండా కూడలిలో ఆకుపచ్చ బంకు వెలిసింది.

ఈ కథ నేను ఇన్నేళ్ళుగా ఇలాగే చెబుతున్నాను. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను, మా పిల్లలకి చెప్పాను, మా ఆవిడకి పెళ్ళైన కొత్తలో చెప్పాను. సూది జేబులో వేసే చోటుకి వచ్చేసరికి ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటారు. తుమ్ములకీ, నిరాహారదీక్షకీ, అరిగిపోయిన బటన్లకీ తరుగు తీసినవాళ్ళు కూడా దీన్ని పూర్తి తూకానికి తీసుకున్నారు.

తుమ్ములూ దీక్షా పెంచినవి. ఇది మాత్రం పెంచింది కాదు, శుద్ధంగా అల్లింది. ఆయనకి సూది దొరకలేదు.

ఆయన వేలు దాని మీదుగానే వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను. గుండు లేని సూది, నల్లటి తీగ, ఎండ వాలిపోతోంది. వేలు దాటిపోయింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, అడిగాడు.

"అల్లుడూ, నువ్వు ఎప్పుడూ పైనే ఉంటావుగా. ఎవరన్నా దీన్ని ముట్టుకున్నారా?"

"కాకులు, మామా" అన్నాను.

ఆయన నమ్మాడు. తల ఎత్తి కాకుల కోసం చూశాడు కూడా.

కిందికి వెళ్ళి, "తీగ పోయినట్టుందన్నగారూ. రేపు కొత్త తీగ తెస్తా. ఒక్క రోజు ఆగండి" అన్నాడు.

"నిన్నటిదాకా ఉన్న తీగ ఇవాళ పోయిందా?" అన్నాడు వ్యాపారి.

నాన్న చెడ్డవాడు కాదు. జనం వైపు చూశాడు, మామ చొక్కా వైపు చూశాడు. "ఎందుకులే సాయిబూ, పోనీ" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. మామ డబ్బాని రుమాల్లో మూటగట్టి సంచిలో వేసుకున్నాడు.

నాయనమ్మకి మాత్రం అనుమానం లేదు. "ఆ పెద్ద దిష్టి నా యాంటెన్నాకి తగిలింది" అని, గుప్పెడు ఎండు మిరపకాయలు టీవీ చుట్టూ తిప్పి బొగ్గుల్లో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. వచ్చింది, ఊరంతా దగ్గుకుంటూ వీధిలో పడింది. ఆ గొడవలో నేను మిద్దె ఎక్కాను. మామ రేపు నిజంగానే కొత్త తీగ తెస్తే పాత తీగలో సూది దొరుకుతుందని నా భయం. గోళ్ళతో పీకాను. పీకి, పక్క దొడ్లో చెత్తకుప్పలోకి విసిరేశాను.

కింద గుమ్మంలోంచి తొంగిచూస్తున్నవాళ్ళ నుంచి ఒక్కసారిగా కేకలు. "వచ్చింది! వచ్చింది!"

"చూశారా! డబ్బా గుమ్మం దాటింది, బొమ్మొచ్చింది!" ఇది వ్యాపారి గొంతు.

"నా మిరపకాయలు!" ఇది నాయనమ్మ గొంతు.

మామ అప్పటికి వీధి చివర ఉన్నాడు, సైకిల్ నడిపించుకుంటూ. ఆ కేకలు విని ఆగాడు. వెనక్కి తిరిగాడు. చాలాసేపు మా ఇంటి వైపు చూశాడు. ఇంట్లోకి వచ్చి చూడాలని ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. లెక్క తప్పినవాడు ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు ఉంది. నేను పిట్టగోడ వెనక కూచున్నాను. కూచునే ఉన్నాను. ఆయన సైకిల్ ఎక్కే చప్పుడు వినపడేదాకా.

తొమ్మిది ఇళ్ళలో ఎవరూ పెట్టించుకోలేదు. కూడలిలో ఆయన చూసుకున్న చోట ఎవరో సోడాల బండి పెట్టారు.

మరుసటి ఏడు మా మందుకొట్టే పంపు పాడైతే నాన్న నన్ను వెంటబెట్టుకుని పక్క ఊరు వెళ్ళాడు. ఒక వేపచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, చుట్టూ స్ప్రే పంపులు పెట్టుకుని మామ కూచుని ఉన్నాడు. పురుగుమందు కంపు. చేతులకి తెల్లగా మరకలు. మాకంటే ముందు వచ్చినాయన ఎవరో సంచిలోంచి చిన్న టీవీ తీశాడు.

"బొమ్మ ఎగురుతోంది సాయిబూ, కాస్త చూడు."

"టీవీ పనా?" అన్నాడు మామ తల ఎత్తకుండా. "అది నాకు రాదండీ. పట్నం పట్టుకెళ్ళండి."

నాన్న దూరంగా తుమ్మచెట్టు వైపు చూశాడు. నేను పంపు గొట్టం వైపు చూశాను. మామ పంపు అందుకుంటూ నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"ఏం అల్లుడూ, బాగున్నావా? బాగా చదువుతున్నావా?"

ఆ "అల్లుడూ" మాత్రం నేను అల్లింది కాదు.